కుడివైపు కొత్తది, ఎడమవైపు పాతది

బ్యాంకులో నా పని ప్రమాదాలను ముందుగా పసిగట్టడం. ఏ నిర్ణయం తీసుకుంటే సంస్థ ఎక్కడ ఇరుక్కుంటుందో ఊహించి పైవాళ్లకు నోట్ రాయాలి. పద్దెనిమిదేళ్లుగా అదే చేస్తున్నాను. విశాఖ నుంచి కోల్‌కతాకు బదిలీ చేసినప్పుడు కూడా, కీడెంచడంలో ఈయన్ని మించినవాడు లేడనే పంపారు. మేలెంచడం నాకెలాగూ రాదు. ముందే ఎందుకు చెబుతున్నానంటే, నా కారు సంగతి విన్నాక ఇదంతా ఎవరూ నమ్మరు.

వర్షాకాలం మొదట్లో, న్యూ టౌన్‌లో మా అపార్ట్‌మెంటు దగ్గరే, నీళ్లు నిండిన గుంతలో కారు కుడి ముందు చక్రం పడింది. టైరు పక్క భాగం చీలింది. అది పంక్చరు వేసే చోటు కాదు, టైరు మార్చాల్సిందే. స్టెప్నీ బిగించుకుని ఏక్‌బాల్‌పూర్ వెళ్లాను. అక్కడ మన తెలుగాయన టైర్ల కొట్టు ఉందని ఆఫీసులో ఎవరో చెప్పారు.

అరవై దాటిన మనిషి. మెడలో తువ్వాలు. ఆయన తండ్రి రేవులో పని కోసం శ్రీకాకుళం నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయాడట. చీలిన టైరును చూడకుండా, ఎడమ ముందు చక్రం దగ్గర గొంతుక్కూర్చుని, దాని గాడిలో గోరు పెట్టి చూశాడు.

"ఇది సగానికి పైనే అరిగిపోనాది బావూ. ఆ పక్క కొత్తది, ఈ పక్క ఇది ఉంటే ఒప్పదు. ముందు రెండూ ఒక్కలాగుండాల. రెండు కొత్తవి ఏయించీసుకోండి. దీన్ని స్టెప్నీకి ఉంచీసుకోండి."

నాకు వెంటనే విషయం అర్థమైంది. ఒకటి అడిగితే రెండు అంటగట్టే వ్యాపారం! పరాయి ఊళ్లో సాటి తెలుగువాడినే మోసం చేయబోతున్నాడే అని కాస్త బాధ కూడా కలిగింది.

"ఒకటి చాలు," అన్నాను. "ఇప్పుడు కొంపలేం మునగవు లెండి."

"వాన్లో తెలుస్తాది బావూ. ఒక కాలికి కొత్త జోడు, ఒక కాలికి అరిగిపోయిన జోడు ఏసుకుని తడి గచ్చు మీద నడిసి సూడండి."

"వేస్తారా, వెయ్యరా?"

"నా సేత్తో నాను ఎయ్యను," అన్నాడు శాంతంగా. "చా తాగి ఎల్లండి."

టీ కూడా తాగకుండా వచ్చేశాను.

న్యూ టౌన్‌లో అద్దాల తలుపులున్న షోరూముకు వెళ్లాను. లోపల ఏసీ. టై కట్టుకున్న మేనేజరు కాఫీ ఇచ్చాడు. "ఒక్కటే మారిస్తే ఇబ్బందేమైనా ఉందా?" అని అడిగాను. "నో ప్రాబ్లమ్ సర్," అన్నాడు. "ఎడమది ఇంకో ఏడాది వస్తుందా?" అంటే, "నో ప్రాబ్లమ్ సర్." కార్లో ఏనుగును ఎక్కించుకోవచ్చా అని అడిగినా అదే అనేవాడనుకుంటాను. నాకెంతో తృప్తి కలిగింది. ఒకాయన మెడలో తువ్వాలు, ఒకాయన మెడలో టై. పద్దెనిమిదేళ్ల అనుభవాన్ని రంగరించి టైనే నమ్మాను.

ఆ ఒక్క టైరూ వేయించిన మర్నాటి నుంచి కారు ఎడమకు లాగడం మొదలుపెట్టింది. స్టీరింగు వదిలితే చాలు, ఫుట్‌పాత్ వైపు పోయేది. మూడుసార్లు అలైన్‌మెంట్ చేయించాను. మా ఆవిడ ఒక ఆదివారం కారు ముందు నిలబడి, "ఏమండీ, ఆ రెండు టైర్లూ ఒకలా లేవు చూడండి," అంది. నీళ్లు పోవడానికి ఈ ఊరి రోడ్లను ఎడమకు వాలుగా వేస్తారని ఆవిడకు పావుగంట సేపు బోధించాను. పై అంతస్తులో ఉండే రిటైర్డు లెక్చరరు దాదా ఇంకో కారణం చెప్పాడు: "మా రాష్ట్రంలో ఒకప్పుడు అన్నీ ఎడమకే పోయేవి. మీ కారుకు ఆ కబురు ఆలస్యంగా అందింది."

ఆగస్టులో ఒకరోజు సాల్ట్ లేక్‌లో కొత్త ఉద్యోగులకు నేను పాఠం చెప్పాలి. విషయం, ప్రమాదాన్ని ముందే గుర్తించడం. మా విభాగం అధిపతి, బెంగాలీ ఆవిడ, ఆ క్లాసుకు రావాలి. ఉదయం నుంచీ కుండపోత. ఆవిడ బుక్ చేసిన క్యాబులు ఒకదాని తర్వాత ఒకటి రద్దయ్యాయి. నా కారెక్కించుకున్నాను. ఒళ్లో సందేశ్ మిఠాయి పెట్టె పెట్టుకుని కూర్చుంది.

దారిలో పాఠం ఆవిడకు వినిపిస్తున్నాను. "మేడం, ప్రమాదం ఎప్పుడూ చెప్పే వస్తుంది. మనమే వినం."

ముందు వెళ్తున్న బస్సు రోడ్డు మధ్యలో టక్కున ఆగింది. బ్రేకు తొక్కాను. కొత్త టైరు రోడ్డును పట్టుకుంది. పాతది నీళ్ల మీద జారింది. ఇన్నాళ్లూ ఎడమకు లాగిన కారు గిర్రున కుడికి తిరిగి, డివైడరెక్కి, పూలమొక్కల్లో ఆగింది. మేం వచ్చిన దిక్కుకే దాని మొహం. వేగం తక్కువ కాబట్టి ఎవరికీ ఏమీ కాలేదు. సందేశ్ మాత్రం డాష్‌బోర్డు నిండా అతుక్కుంది.

అంత వానలోనూ గొడుగులతో జనం పోగయ్యారు. ఒకాయన వంగి రెండు టైర్లనూ తడిమి, "దాదా, ఏక్టా నొతున్, ఏక్టా పురోనో కేనో?" అన్నాడు. ఒకటి కొత్తది, ఒకటి పాతది ఎందుకని! దాని మీద అక్కడే చర్చ లేచింది. కారును కిందికి దించడం గురించి మాత్రం ఎవరూ మాట్లాడలేదు.

మేడం గొడుగు కింద నిలబడి అంతా విన్నది. తర్వాత నన్నడిగింది.

"ఇలా వెయ్యొద్దని మీకెవరూ చెప్పలేదా?"

"చెప్పారు మేడం."

"మరి?"

"అమ్ముకోవడానికి చెబుతున్నాడనుకున్నాను."

ఆవిడ చేతికంటిన సందేశ్‌ను రుమాలుతో తుడుచుకుంది. "మన నోట్లు చదివి పైవాళ్లూ అలాగే అనుకుంటారు," అంది.

ఆ రోజు గంట ఆలస్యంగా, బురద ప్యాంటుతో పాఠం చెప్పాను. ఉదాహరణ మేడమే ఇచ్చింది. పిల్లలు చప్పట్లు కొట్టారు.

శనివారం ఏక్‌బాల్‌పూర్ వెళ్లాను. 'నే సెప్పలేదా' అంటాడని సిద్ధపడే వెళ్లాను. అంటే నాకూ కొంత తేలికయ్యేది. అంతా విని, "ఎవలికీ దెబ్బలు తగల్లేదు గదా?" అని మాత్రం అడిగాడు.

"రెండు కొత్తవి వెయ్యండి," అన్నాను.

ఆయన కుడి చక్రం చూసి తల అడ్డంగా ఊపాడు. "రెండెందుకు? ఇది బాగానే ఉన్నాది. అరిగింది ఏపాటి? ఇదే కంపెనీది, ఇదే రకం ఒకటి ఎడమ పక్క ఏస్తే జోడు కుదిరిపోతాది."

"లేదు, రెండూ మార్చండి," అన్నాను పట్టుదలగా.

"అక్కర్లేదంటే ఇనరేటి బావూ?"

చివరికి ఒకటే అమ్మాడు. ఈసారి టీ తాగాను.

కారు ఇప్పుడు తిన్నగానే పోతోంది. మొన్న మళ్లీ వాన పట్టుకుంటే, ఆఫీసు మెట్ల మీద నిలబడ్డ మేడంను దింపుతానన్నాను. ఆవిడ కారు ముందుకు వచ్చి, నడుం వంచి రెండు చక్రాలనూ ఓపిగ్గా చూసింది.

"చాలా బాగున్నాయి," అని మెచ్చుకుని, గొడుగు విప్పుకుని బస్‌స్టాపు వైపు నడిచింది.