అగ్గిపెట్టె అట్టంత ఎడం

నా చిన్నప్పుడు జరిగిన సంగతి ఇది. ఇందులో ఒక్క మాట కూడా కల్పించలేదని మా ఇంటి మగ్గం మీద చెయ్యి పెట్టి ఒట్టేస్తున్నాను. నా ఒట్లకు ధర్మవరంలో ఎవరూ విలువ ఇవ్వరని తెలుసు. అందుకే మగ్గం దాకా పోవాల్సి వచ్చింది.

మా నాయన పట్టుచీరలు నేసేవాడు. ఆయనకు ఒక ముసలి మోటారు సైకిలు ఉండేది. ఆ బండి మీద మెకానిక్కు చెయ్యి వెయ్యడం మా వీధిలో ఎవరూ చూడలేదు. ఇంకొకడు ముట్టుకుంటే దానికి కోపమని, తన బండి తానే చేసుకుంటానని టీకొట్టు కాడ నాయన చెప్పుకునేవాడు. నేను దానికి ఇంకాస్త కలిపి, మా నాయన కిక్కరు కొడితే చెన్నేకొత్తపల్లిలో కోళ్లు లేస్తాయని బడిలో చెప్పేవాణ్ణి.

నిజం ఇంట్లో వాళ్లకే తెలుసు. బండిని బాగు చేసేది మా అమ్మ. ఆమె పుట్టిల్లు హిందూపురం. వాళ్ల నాయనకు అక్కడ బండ్లు రిపేరు చేసే షెడ్డు ఉండేది. పెండ్లికి ముందు ఈమె చేతులకు గోరింటాకు కంటే గ్రీజే ఎక్కువ పండిందని మా అవ్వ దెప్పేది. బండి మొరాయించినప్పుడల్లా నాయన దాన్ని నడవలోకి నెట్టుకొచ్చి వీధి తలుపు మూసేవాడు. అమ్మ ఇంజను పక్కనున్న మూత విప్పి పాయింట్లు మార్చేది. పాయింట్లంటే ఎదురెదురుగా ఉండే రెండు చిన్న మొనలు. అవి విడిపోయే క్షణాన ఇంజన్లో నిప్పురవ్వ పుడుతుంది. బాగా విడిపోయినప్పుడు వాటి మధ్య ఎంత ఎడం ఉండాలో కొలవడానికి ఆమె అగ్గిపెట్టె అట్టను సన్నగా కత్తిరించి సూదుల డబ్బాలో దాచుకుంది. పని అయ్యాక అమ్మ చేతులు కడుక్కుని పొయ్యి దగ్గరికి పోయేది. నాయన చేతులకు కాస్త మసి పూసుకుని వీధిలోకి పోయేవాడు.

ఒకసారి మా అక్కకు టీచరు ట్రైనింగు సీటు కోసం పెనుకొండకు రమ్మని కబురొచ్చింది. పేరు పిలిచేటప్పటికి మనిషి ఎదురుగా లేకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. పొద్దున బస్సుకే పంపుదామని అమ్మ అంది. "బస్సెందుకు, బండి లేదా?" అన్నాడు నాయన. అంతకు ముందే టీకొట్టు కాడ ఎవరో, "ఏమప్పా, నీ బండికి డాక్టరమ్మ ఇంట్లోనే ఉండాదంటనే" అని నవ్వారట. ఆ మాట ఆయనకు ముల్లయి దిగింది. ఆ సాయంత్రం బండిని వీధిలోనే నిలబెట్టి, అందరూ చూస్తుండగా కొత్త పాయింట్లు తానే వేశాడు. సూదుల డబ్బా అడగడానికి మనసొప్పలేదు. మగ్గానికి వేలాడే పాత డిజైను అట్ట ముక్క చింపి దాంతోనే ఎడం కొలిచాడు. అంచులో పువ్వు యాడ రావాలో చీరకు చెప్పే దళసరి అట్ట అది. ధర్మవరంలో తప్ప ఇంకెక్కడా ఎవరూ చెయ్యలేని తప్పు. తెల్లారి స్టార్టు చేద్దామని బండికి గుడ్డ కప్పి పడుకున్నాడు.

పొద్దున అక్క సంచి పట్టుకుని తయారైంది. బస్సు హారను కొట్టుకుంటూ వీధి చివర నుంచి వెళ్లిపోయింది. నాయన కిక్కరు తొక్కాడు. అది ఎదురు తన్నింది. నాయన గోడ వారగా పోయి పడ్డాడు. మడమ అప్పుడే పొంగింది.

"డాక్టరమ్మను పిలవల్నా ఏమప్పా?" అన్నారెవరో. వీధంతా నవ్వింది. నాయన తల ఎత్తలేదు. అక్క కళ్లలో నీళ్లు. నేను పోయి అక్క వెనక దాక్కున్నాను.

అమ్మ బయటికి వచ్చింది. కొంగు చాటున సూదుల డబ్బా. అందరికీ వినపడేట్టు, "ఏమయ్యా, కాలికి దెబ్బ తగిలిండాది కదా. నువ్వు కూచోని చెప్పు, చెప్పినట్ల చేస్తా" అంది.

"మూత విప్పమంటావా?"

"ఆ, విప్పు."

"ఎడం ఎక్కువైనట్లుండాది. తగ్గించాల్నా?"

"ఆ... తగ్గించు."

ఆయన తగ్గించమనేసరికి ఆమె అగ్గిపెట్టె అట్టతో కొలిచి మర బిగించేసింది. సలహా చెప్పడానికి దగ్గరికొచ్చిన పక్కింటాయనను, "సుమ్నె ఇరప్పా" అని, ఊరికే ఉండమని పుట్టింటి కన్నడంలో కసిరింది. ఎడం ఎక్కువైతే నిప్పు ముందే పుడుతుందని, ముందే పుట్టిన నిప్పు ఎదురు తంతుందని నాయన చెవి దగ్గర మెల్లగా చెప్పడం నేను విన్నాను. తర్వాత చీర ఎగదోపి ఆమే కిక్కరు తొక్కింది. బండి అందుకుంది.

"ఏం నేర్పించినావప్పా ఇంటామెకు!" అన్నాడు పక్కింటాయన.

నాయన గోడ పట్టుకుని లేచాడు. "నేను నేర్పింది కాదబ్బా. ఆమెనే నాకు నేర్పింది" అన్నాడు. వీధిలో ఎవరూ నవ్వలేదు. వాచిన కాలితోనే అక్కను ఎక్కించుకుని పెనుకొండకు పోయాడు. అక్కకు సీటొచ్చింది.

ఇక్కడ ఆపితే బాగుండేది. కానీ మగ్గం మీద ఒట్టేశాను.

ఆమెనే నాకు నేర్పిందన్న ఆ ఒక్క మాట కల్పించాను. మా నాయన అనలేదు. పక్కింటాయన మెచ్చుకుంటే, "ఏదోలే, కొంచెం కొంచెం" అని తల వంచుకుని బండెక్కాడు. అమ్మ చేతుల మసి కొంగుకు తుడుచుకుని లోపలికి పోయింది. చెన్నేకొత్తపల్లి కోళ్లను లేపిన నా నోరు కూడా లేవలేదు.

నాయన పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఎవరైనా నన్ను మెచ్చుకుంటే ముందు నా చేతులు చూసుకుంటాను, ఆ మసి పనిలో అంటిందా, పూసుకున్నదా అని. ఈ కథ చెప్పినప్పుడల్లా నాయనతో ఆ మాట అనిపిస్తాను.

మొన్న హిందూపురంలో ఒక పెండ్లిలో చెబుతుంటే అమ్మ వెనకే కూర్చుని ఉంది. నేను చూసుకోలేదు. ఇంటికొచ్చే దారిలో, "ఆయన యాడన్నాడురా ఆ మాట?" అంది. ఊరు దగ్గర పడ్డాక మళ్లీ ఆమే అంది: "పోనీలే. అట్లనే చెప్పు."

అట్లనే చెబుతున్నాను.