టేకు ముక్కకు పసుపు

తొంభైల్లో బెంగళూరు కాటన్‌పేటలో నేను కొత్త సైన్సు టీచర్ని. చెట్టు వయసు చెప్పే వలయాలు చూపించాలని టేకు దుంగను అడ్డంగా కోయించి, ఆ ముక్కను రెండు రోజులు ఉప్పుకాగితంతో రుద్దాను. తీరా హెడ్మిస్ట్రెస్ నా పాఠం వినే రోజే బడిలో ఆయుధపూజ. క్లాసుకెళ్తే ముక్క నిండా తడిపసుపు! ఒక్క వలయమూ కనబడదే!

"నేనే పూసినా మేడం. గంటకీ బీరువాకీ అన్నిటికీ పెట్టినాను. మీకుండే ఆయుధం ఇదొకటే గదా?" అంది ఆయా మునెమ్మ.

"బుద్ధుందా నీకు?" అని పిల్లల ముందే కసిరి, గుడ్డతో తుడిచాను. పసుపు పైపైన పోయింది కానీ, కొయ్య రంధ్రాల్లో ఇంకడంతో వలయాలన్నీ గీసినట్టు తేలాయి. చివరి బెంచీ పిల్లలు కూడా లెక్కపెట్టేశారు.

"ఎవరిదీ ఆలోచన?" అని, ఆ తర్వాత వచ్చి పాఠం విన్న హెడ్మిస్ట్రెస్ మెచ్చుకోలుగా అడిగారు.

"నాదే" అన్నాను.

మునెమ్మ తలుపు దగ్గరే ఉంది. ఇప్పటికీ నా మీద నాకే మండుతుంది.