రెండు వేళ్ళ కన్ను

ముడి వేసిన ప్రతిసారీ ఆయన కుడిచేతి రెండు వేళ్ళూ జోడించి వల కంట్లోకి దూర్చి తీసేవాడు. బిగుతుగా దూరితే ఆ కన్ను సరైనది. లేకపోతే విప్పి మళ్ళీ వేసేవాడు.

చెరువు ఎవరి సొంతమూ కాదు. అందుకని చేపలు పట్టేవాళ్ళంతా ఒకే కట్టుబాటు పెట్టుకున్నారు. చెరువులో దిగే ప్రతి వలా ఈయనే అల్లాలి. కన్ను ఈయన రెండు వేళ్ళంత ఉండాలి. అప్పుడు పిల్లచేప జారిపోతుంది, ఎదిగింది ఆగుతుంది. వేరే కొలత ఎవరూ దాచుకోలేదు. మనిషి ఉండగా పుల్లెందుకు అనుకున్నారు.

ఆయన బావమరిదికి ఊరి చివర సొంత గుంట ఉంది. వల కావలసినప్పుడల్లా అతను కంటి కొలతకి ఒక చెక్కముక్క వెంట తెచ్చేవాడు. "నీ వేళ్ళు నాకెందుకు బావా, నా గుంటకి నా చెక్క," అనేవాడు. చెరువువాళ్ళు ఆ చెక్కని తలుచుకుని చాలాకాలం నవ్వారు.

అరవై దాటాక ఆయనకు పెద్ద జబ్బు చేసింది. చేతి ఉంగరం జారకుండా భార్య దానికి దారం చుట్టింది. మంచం దిగాక మళ్ళీ అల్లడం మొదలుపెట్టాడు. వేళ్ళు ఎప్పటిలాగే బిగుతుగా దూరుతున్నాయి. పాత వలలన్నీ చిరిగి, కొత్తవి అందరి పడవల్లోకీ చేరాయి.

ఒకరోజు ముఖం కడుక్కుంటుంటే దారం తెగి ఉంగరం తూములో పడింది. ఆయన వేలి వంక చూశాడు. జబ్బుకి ముందు అల్లి అటక మీద పెట్టిన పాత వల దించి కంట్లో వేళ్ళు పెట్టాడు. మూడు దూరాయి.

ఆ వల పట్టుకుని గట్టుకి వెళ్ళాడు. కొత్త వలలు తగలబెట్టండి, కూలి లేకుండా మళ్ళీ అల్లి ఇస్తానన్నాడు. ఎవరూ ఆశ్చర్యపోలేదు. కొత్త వలలో మొదటిసారి పిల్లచేపలు పడ్డ రోజే వాళ్ళకి తెలుసు.

అదే చెరువులో చేపలు పట్టే ఆయన అల్లుడే ముందు మాట్లాడాడు. "కట్టుబాటు నీ వేళ్ళే గదా మామా. అవేం తెగిపోలేదుగా."

"ఇంకాస్త బక్కచిక్కు మామా, రొయ్యపిల్లలు కూడా పడతాయి," అన్నారెవరో. గట్టంతా నవ్వింది.

కనీసం నువ్వయినా మానెయ్యమని అల్లుణ్ణి పక్కకి పిలిచి బతిమాలాడు.

"నేను వదిలింది పక్కవాడి వలలో పడుతుంది. వాడు తినడానికి నేను పస్తుండాలా?"



మరుసటి ఏడాది వలల్లో వేలెడు చేపలు పడ్డాయి. ఆ తర్వాత నాచు పడింది. పడవలు గట్టు మీద బోర్లా పడుకున్నాయి. ముసలోడి వేళ్ళు చెరువుని మింగేశాయని ఊరు అనుకుంది. కూతురూ అదే మాట అంది, కాకపోతే అన్నం వడ్డిస్తూ అంది.

బావమరిది గుంటలో మాత్రం చేపలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. చెరువువాళ్ళు మునిమాపు వేళ వచ్చి గట్టు మీంచి గుంటలో చేతులు పెట్టి చేపలు పట్టుకుపోసాగారు. బావమరిది అల్లుణ్ణే కాపలా పెట్టుకున్నాడు. ఒక సాయంత్రం అల్లుడు నైలాను దారం ఉండలు తెచ్చి అరుగు మీద పెట్టాడు. గుంట చుట్టూ కట్టడానికి వల కావాలట.

"కన్ను ఎంత ఉండాలి?"

"వేలు కూడా దూరకూడదంట మామా."

మర్నాడు పొద్దున్నే ఆయన దారం అందుకున్నాడు. ముడి వేశాడు. రెండు వేళ్ళూ జోడించి కంట్లో పెట్టి చూశాడు. దూరలేదు. తర్వాతి ముడి వేశాడు.