మగ్గానికి జబ్బు చేసింది

ఒక్క మాట నోరు తెరిచి చెప్పలేక, నిక్షేపంగా ఉన్న మగ్గాన్ని ఊడదీయించిన ఘనుణ్ణి నేను. ధర్మవరంలో పట్టుచీరలు నేసేవాళ్లలో ఇంత తెలివిగలవాడు నాకు ముందు లేడు, ఇకమీదట పుట్టకూడదు కూడా.

ఆరేళ్ల కిందట మా నాయన పోయాడు. నేను ఒక్క కన్నీటిబొట్టు రాల్చలేదు. చూడవచ్చినవాళ్లంతా "మొగోడంటే వీడప్పా!" అన్నారు. ఆ మెప్పుకి ఎంత ఉబ్బిపోయానంటే, పోయింది మా నాయనేనన్న సంగతి కూడా కాసేపు మరిచిపోయాను. నా బుద్ధి చూడండి!

మూడు నెలలకి అసలు కథ మొదలైంది. తిండి సహించదు, నిద్ర పట్టదు. మగ్గం కింద కాళ్లు దించే గుంతలో కూర్చుంటే చాలు, ఏడుపు తన్నుకొచ్చేది. నాకు పని నేర్పింది నాయనే మరి. పోనీ ఏడుద్దామా అంటే, మా వీధిలో మగ్గం చప్పుడు ఆగితే ఏమైందంటూ నలుగురు దిగబడతారు. అందుకని పోగుల మధ్య అటూ ఇటూ పరుగెత్తే నాడెలోంచి దారం కండె తీసేసి, వట్టి నాడె ఆడిస్తూ, కాళ్లతో తొక్కుతూ, ఆ టకటకల చాటున కడుపారా ఏడ్చేవాణ్ణి.

మూడో రోజు నా భార్య నాగమణి వచ్చి నిలబడింది.

"ఏమయ్యా, రెండు దినాలుగా మగ్గం మోగతానే ఉండాది. చీర మాత్రం మొన్న యాడుండాదో ఇప్పుడూ ఆడనే ఉండాది!"

"మగ్గంలో ఏదో లోపముండాది" అన్నాను గంభీరంగా.

ఆమె ఊరుకుంటే బాగుండేది. చీరలో పువ్వులు తేల్చే జాకార్డు యంత్రాలు బిగించే మస్తాన్‌ని పిలిపించింది. అతను జాకార్డు దించి, తాళ్లు విప్పి, అంతా వెతికాడు.

"రామాంజన్నా, ఈ మగ్గం నాకంటే ఆరోగ్యంగా ఉండాది."

"సరిగ్గా చూడప్పా. పొద్దున్నే బరువెక్కుతాది. ఉన్నట్టుండి ఆగిపోతాది. ఏం చేసినా హుషారు రాదు."

"ఊఁ. ఇంకా?"

"రాత్రిళ్లు నిద్ర పట్టదు."

మస్తాన్ చేతిలోని స్పానరు కింద పెట్టాడు.

"అన్నా, నువ్వు చెప్తాండేది మగ్గం సంగతేనా?"

అంతే. గుంతలో కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే బావురుమన్నాను. చాటు చేసుకుందామంటే మగ్గం ముక్కలుముక్కలుగా గదంతా పరిచి ఉంది! వీధి వీధంతా విని గుమ్మంలో చేరింది. నాగమణి గుంత అంచున కూలబడి నా తల పట్టుకుంది. సిగ్గుతో చచ్చిపోతాననుకున్నాను. చావలేదు సరికదా, మూడు నెలల్లో మొదటిసారి ఊపిరి ఆడింది.

"మా నాయన పోయినప్పుడు నాకూ ఇట్లే అయ్యింది. అనంతపురంలో మనసు డాక్టరు దగ్గరికి పోయినా" అన్నాడు మస్తాన్.

"నాకు చెప్పనేలేదే!"

"నువ్వడిగినావా? కలిసినప్పుడంతా జాకార్డు ఎట్లుండాదని అడుగుతావు. నేనెట్లుండానని ఒక్కసారన్నా అడిగినావా?"

ముక్కు తుడుచుకుని, "ఎట్లుండావప్పా?" అని అప్పుడడిగాను.

మర్నాడే అతను నన్ను బండెక్కించుకుని తీసుకుపోయాడు. "ఏమిటి ఇబ్బంది?" అని డాక్టరమ్మ అడిగింది.

"మగ్గం..." అని మొదలుపెట్టాను. మస్తాన్ తొడపాశం పెట్టాడు.

"మా నాయన..." అన్నాను. మిగతాది చెప్పడానికి గంట పట్టింది.

అందుచేత సకల నేతగాళ్ల సాక్షిగా, నాడె పట్టుకుని ప్రమాణం చేస్తున్నాను: ఇకమీదట ఏడుపొస్తే, ముందు మగ్గం ఆపి, ఆ తర్వాతే ఏడుస్తాను.