ఎవలోళ్లో తెలియని ప్రోగ్రాం

మెదక్‌లో కొత్త మనిషి ఇల్లు కిరాయికి అడిగితే ఆధార్ కార్డు ఎవరూ అడగరు. "ఏ ఊరు? ఎవలోళ్లు?" అంటారు. నర్సాపూర్ అని చెబితే నర్సాపూర్‌లో ఉన్న ఏదో ఒక చుట్టానికి ఫోన్ పోతుంది. ఆ చుట్టం "మంచోళ్లే" అంటే తాళంచెవి చేతికొస్తుంది. "నాకు ఎర్కలేదు" అంటే ఇల్లు ఖాళీ లేదు. ఈ పద్ధతిలో మంచివాళ్లు ఎందరో వెనక్కి తిరిగిపోయారు, తియ్యగా మాట్లాడేవాళ్లు ఎందరో దిగబడ్డారు. అయినా మావాళ్లకు దాని మీద నమ్మకం పోలేదు. మనుషుల సంగతి సరే, కంప్యూటర్‌లో నడిచే ప్రోగ్రాంకు కూడా ఇదే పరీక్ష పెడతారని నేను మా సెంటర్‌లోనే చూశాను.

చర్చికి పోయే రోడ్డు మీద మాకొక ఆన్‌లైన్ సెంటర్ ఉంది. జిరాక్సులు తీస్తాం, దరఖాస్తులు నింపుతాం, పింఛనుదారులకు లైఫ్ సర్టిఫికెట్లు చేస్తాం. పింఛను తీసుకునే మనిషి ఏడాదికొకసారి వేలిముద్ర పెట్టి తాను బతికే ఉన్నానని చెప్పుకోవాలి, అదీ లైఫ్ సర్టిఫికెట్ అంటే. మా సెంటర్‌లో పని నాది, పెత్తనం మా ఆయనది. ఆ పెత్తనానికి సాయంగా గుమ్మం ముందు బెంచీ మీద ఇద్దరు పెద్దమనుషులు కూర్చుంటారు. ఒకరు రిటైరైన సోషల్ సారు. ఇంకొకతను ఎదురుగా ఫోన్ కవర్లు, చార్జర్లు అమ్ముతాడు. ఫోనుకు అద్దం అతికించడం వచ్చు కాబట్టి దాని లోపలి గుట్టంతా తనకు తెలుసని అతని ధీమా. తన కొట్లో గిరాకీ లేనప్పుడల్లా ఆ ధీమా తీసుకుని మా దగ్గరికి వస్తాడు.

ఆ రోజు పొద్దున కంప్యూటర్ మొరాయించింది. ఒక పేజీ తెరుచుకునేలోపు చాయ్ చల్లారిపోతోంది. లోపలి ఫ్యాను పిండిగిర్నీలా మోగుతోంది. వెనకాల ఏమేం నడుస్తున్నాయో చూద్దామని టాస్క్ మేనేజర్ తెరిచాను. అంతే, బెంచీ మొత్తం లోపలికి వచ్చేసి నా భుజాల మీదుగా స్క్రీన్‌లోకి తొంగిచూసింది.

మా ఆయన వేలు ఒక పేరు దగ్గర ఆగింది. నోరు తిరగని ఇంగ్లీషు అక్షరాలన్నీ కుప్ప పోసినట్టున్న పేరు, చివర 'సర్వీస్' అని ఉంది.

"ఇదేంది? ఎన్నడు సూడలే," అన్నాడు.

"ఎవలోళ్లది?" అన్నారు సారు.

మా ఆయన కంపెనీ పేరు కూడబలుక్కుని చదివాడు. అది మాలో ఎవరూ వినలేదు. "మనకు ఎర్కలేని కంపెనీ అంటే చైనాదే అయి ఉంటది," అని సారు తేల్చేశారు. జీవితమంతా సోషల్ చెప్పిన మనిషి, దేశాల విషయంలో ఆయన మాటకు తిరుగులేదు.

"జర ఆగుండ్రి," అన్నాను. "దాని మీద రైట్ క్లిక్ కొడితే ఏ ఫోల్డర్లకెల్లి నడుస్తుందో సూపిస్తది. కంపెనీ సంతకం ఉన్నదా లేదా సూద్దాం. పేరు నెట్ల కొట్టి సూద్దాం. గప్పటిదాంక ముట్టకుండ్రి."

"దొంగను పట్టుకొని నీ ఇల్లేడ అని అడుగుతరానే?" అన్నాడు మా ఆయన.

పోలీసులు మొట్టమొదట అడిగేది అదే. కానీ అప్పటికే చార్జర్ల అతను హైదరాబాద్‌లో ఉన్న తన బావమరిదికి ఫోన్ కలిపేశాడు. ఆ బావమరిది సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేస్తాడు. అక్కడ ఏసీలు బాగుచేస్తాడు. ఈ రెండో ముక్క మా వీధిలో ఎవరూ పైకి అనరు.

ఫోన్ స్పీకర్‌లో పెట్టారు. వెనక బస్సు హారన్లు వినిపిస్తున్నాయి. "ఇనస్తలేదు బావా, బస్సుల ఉన్న. తెల్వనిదాన్ని ఎందుకు ఉంచుకున్నరు, తీసెయ్," అన్నాడా అబ్బాయి. పాపం, దేని గురించి అన్నాడో అతనికే తెలియదు. మావాళ్లకు మాత్రం అది హైకోర్టు తీర్పు.

"మరి గిదేంది?" అని నేను పైవరుస చూపించాను. కంప్యూటర్ మెమరీలో సగం మింగి కూర్చున్న ప్రోగ్రాం అది. పక్కన పచ్చ డాలు బొమ్మ, దాని మీద టిక్కు. "తినేదంత గిదే తింటున్నది."

"గది మనదే," అన్నాడు మా ఆయన. "సినిమాలు ఉత్తగ దించుకునే సైటుల ఇచ్చిండ్రు. పేర్లనే సెక్యూరిటీ అని రాసి ఉన్నది, కనిపిస్తలేదా?"

కనిపిస్తూనే ఉంది. పచ్చ టిక్కు పెట్టుకుని వస్తే చాలు, మా ఇంట్లో పీట వేసి కూర్చోబెడతారు. నాకు ఒళ్లు మండింది. మీ చావు మీరు చావండని మనసులో అనుకుని, బ్యాంకులో పని ఉంటే బ్యాగు తీసుకుని వెళ్లిపోయాను.

బ్యాంకులో లైను కదలడానికి మధ్యాహ్నమైంది. తిరిగి వచ్చేసరికి ఒక అవ్వ గుమ్మం పక్క నల్లా దగ్గర వంగి సబ్బుతో చేతులు రుద్దుకుంటోంది. ఆమెను నేనెరుగుదును. కుల్చారం నుంచి ఏటా వస్తుంది. వయసులో ఉన్నన్నాళ్లూ బీడీలు చుట్టింది, దానికే పింఛను వస్తుంది. ఇప్పుడు కూడా కోడలి పేరనున్న బీడీ కార్డు మీద చుడుతూనే ఉంది, ఎందుకంటే ఆ పింఛను ఆమె బీపీ గోలీలకు, కంటి మందుకు సరిపోతుందంతే. లైఫ్ సర్టిఫికెట్‌కు ఆ రోజే ఆఖరు. అది దాటితే పింఛను ఆగిపోతుంది. మళ్లీ మొదలు కావాలంటే ఆఫీసుల చుట్టూ తిరగాలి, ఆ తిరుగుడుకు ఆమె మోకాళ్లు ఒప్పుకోవు.

"ఏమైంది అవ్వా?" అన్నాను.

"వేలు వస్తలేదు బిడ్డా. మూడుసార్లు కడుక్కున్న," అంది.

లోపల అప్పటిదాకా వైద్యం జోరుగా సాగిందట. ముందు సబ్బు, తర్వాత కొబ్బరినూనె, తర్వాత తువ్వాలతో తుడవడం. మా ఆయన ఆమె బొటనవేలును తన వేళ్లతో పట్టుకుని వేలిముద్ర మిషన్ అద్దానికి అదిమాడట. మేమిద్దరం లోపలికి పోగానే సారు పాఠం అందుకున్నారు. "బీడీలు సుట్టి సుట్టి గీతలు అరిగినయ్ అవ్వా. మిషిన్ ఏం జేస్తది?"

"పోయినేడు వచ్చింది గద సారు," అంది అవ్వ.

"పోయినేటి కన్న ఈ యేడు ఇంక అరుగుతయ్ గద."

అవ్వ తన చేతులను అటూ ఇటూ తిప్పి చూసుకుంది. ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు వాటిని కొంగు కింద పెట్టుకుంది. నేను స్క్రీన్ దగ్గరికి పోయి ఎర్ర అక్షరాలు చదివాను. మా సెంటర్‌లో ఎర్ర అక్షరాలు ఎవరూ చదవరు, అవి వచ్చాయంటే వేలు పట్టలేదని అర్థం చేసుకుంటారు. అక్కడ మాత్రం వేలి ఊసే లేదు. వేలిముద్ర మిషన్‌ను నడిపే సర్వీస్ కనిపించడం లేదని శుభ్రంగా రాసి ఉంది.

నా బొటనవేలు పెట్టాను. అవే ఎర్ర అక్షరాలు. మా ఆయన చెయ్యి పట్టుకుని ఆయన వేలు పెట్టించాను. మళ్లీ అవే.

"నీ వేలు ఎన్ని బీడీలు సుట్టింది?" అన్నాను.

"సర్వర్ డౌనున్నట్టుంది," అన్నాడు.

మిషన్‌ను తిరగేసి చూపించాను. అడుగున స్టిక్కర్ మీద కంపెనీ పేరుంది, పొద్దున ఈయన కూడబలుక్కుని చదివిన పేరే. ఏళ్ల తరబడి మా బల్ల మీద కూర్చుని వేలమంది ముద్రలు తీసిన మిషన్ అది, దాని ఇంటిపేరు ఏమిటని ఒక్కరూ చూడలేదు. ఆ మిషన్ ఉత్త అద్దమే. దాని మీద పడిన ముద్రను పైకి చేరవేసేది వెనకాల నోరు మూసుకుని పనిచేసే ఆ ప్రోగ్రామే. దాన్ని వీళ్లు పీకేసి, ఫ్యాను కాసేపు ఊరుకుందని చాయ్ తెప్పించుకుని తాగారు. గ్లాసులు ఇంకా బల్ల మీదే ఉన్నాయి.

మళ్లీ ఆ ప్రోగ్రాం దించబోతే పచ్చ డాలు అడ్డం పడింది. ఇది ప్రమాదం, ఆపేశాను అంది. మొదట దాన్ని వెళ్లగొట్టాను. పోతూ పోతూ కూడా నిజంగానే నన్ను తీసేస్తారా అని అడిగి అడిగి బతిమాలింది. అది పోగానే ఫ్యాను పూర్తిగా సద్దుమణిగింది. సర్వీస్ ఎక్కించాను. అవ్వను పిలిచి కుర్చీలో కూర్చోబెట్టి, ఆమె వేలిని ఎవరినీ పట్టుకోనివ్వకుండా తననే పెట్టమన్నాను. మొదటిసారే పట్టింది.

"సూసినవా, కొబ్బరినూనె పనిజేసింది," అన్నాడు మా ఆయన.

"తడి ఉండాలె, నేను ముందే చెప్పిన," అన్నారు సారు.

ఏ మాత్రం సిగ్గుపడితే ఒట్టు. నేను అవ్వ పక్కన కూర్చుని చెప్పాను. "అవ్వా, నూనె కాదు, ఏం కాదు. నీ వేలు మంచిగనే ఉన్నది. పొద్దుగాల వీళ్లే మిషిన్ ఖరాబు జేసుకున్నరు." ఆమె నన్ను చూసింది, వాళ్లను చూసింది. "నేను బాధపడ్తనని గట్లంటున్నవ్ బిడ్డా. నీ కడుపు సల్లగుండ," అని నా గదుమ పట్టుకుని బస్సుకు వెళ్లిపోయింది.

ఏడాది తిరిగింది. అవ్వ మళ్లీ వచ్చింది. వేలు పెట్టిందో లేదో సర్టిఫికెట్ వచ్చేసింది. అవ్వ మొహం వెలిగిపోయింది.

"నెల దినాలాయె బిడ్డా, బీడీలు ముట్టక," అంది. "గీతలు మళ్ల మొలుస్తయని ఆపిన."

"మరి ఇల్లెట్ల నడిచింది?" అన్నాను.

"కోడలు ఒక్కతే సుట్టింది. నా గోలీల పైసలు ఇంట్లకే పెట్టిన, ఈ నెల తెచ్చుకోలే."

ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. "అవ్వా, నీ వేలుకు ఎన్నడు ఏం గాలే. పోయినేడు గూడ గిదే చెప్పిన. ఇంటికి పోయి సుట్టుకో. గోలీలు ఆపకు, నీకు దండం పెడ్త," అన్నాను.

అవ్వ బెంచీ వైపు తిరిగింది. "నిజమేనా సారు?" అని అడిగింది.

సారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. "ఏమో అవ్వా. ఎందుకైనా మంచిది, వచ్చే యేడు గూడ ఒక నెల ఆపు," అన్నారు.

అవ్వ సరేనంది.