బయటి గడుల్లో తిరిగిన కాయలు

మా అత్తగారింట్లో పెద్ద సరుకుకు జగదల్‌పూర్ ఎవరు వెళ్ళాలన్నది అష్టాచెమ్మా మీద తేలుతుంది. ఈ మాట పెళ్ళిచూపుల నాడే చెప్పి ఉంటే ఆ ఒక్క షరతు మీద ఇంకాస్త బేరమాడి ఉండేదాన్ని. ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. అడగనిదానికి ధర ఉండదని మా నాన్న చర్లలో తన కొట్టు గల్లా ముందు కూర్చుని రోజూ అనేవాడు. అది పప్పులకూ ఉప్పులకూ చెప్పిన మాట అనుకున్నాను. పెళ్ళికి కూడా అనుకోలేదు.

దోర్నపాల్‌లో మాది రోడ్డు మీది దుకాణం. ముందు కొట్టు, దాని వెనక చింతపండు బస్తాల గోదాము, ఆ వెనక వంటిల్లు. వంటింటి నుంచి గల్లాకు, గల్లా నుంచి వంటింటికి నా ప్రయాణం. కళ్ళెదుటే బస్సులు ఒకవైపు కొంటా ఊరికి, ఇంకోవైపు సుక్మా మీదుగా జగదల్‌పూర్‌కు పోయేవి. నేను ఉప్పు తూస్తూ రెండు వైపులా చూసేదాన్ని. బజారు రోజున జగర్‌గుండా వైపు నుంచి జనం చింతపండు, ఇప్పపువ్వు తెచ్చేవాళ్ళు. వాళ్ళతో గోండీలో అంకెలు, హిందీలో ధర, తెలుగులో విసుగు. బేరం అయితే ఉంది గానీ, అది నా దగ్గరికి నడిచొచ్చే బేరం. చర్లలో ఉన్నప్పుడు నాన్న వెంట ఖమ్మం వెళ్ళి, టోకు వ్యాపారి ముందు కూర్చుని, లేచి, మెట్లు దిగి, వాడు వెనక్కి పిలిచేదాకా నడిచిన పిల్లను నేను. వెనక్కి పిలిపించుకోవడంలో ఉన్న సుఖం ఉప్పు తూయడంలో ఎక్కడిది?

ఫోన్ చేస్తే సరుకు రాదా అంటే వస్తుంది. ఫోన్లో అడిగితే ఫోన్ ధరే చెబుతారని మా మామయ్య నమ్మకం, అది నిజమే. అందుకని వానలకు ముందు ఒకసారి, దసరాకు ముందు ఒకసారి, కిరాయి పికప్ బండి మాట్లాడి ఇంట్లోంచి ఒకరు వెళ్ళేవారు. ఆ ఒక్కరూ ఎవరో ముందురోజు మధ్యాహ్నం, ఎండకు దుకాణం తలుపు దగ్గరగా వేసి, గోదాము గచ్చు మీద సుద్దతో గడులు గీసి తేల్చుకునేవాళ్ళం. ఆడేది నలుగురం: మామయ్య, అత్తమ్మ, మా ఆయన, నేను. కోడలికి కూడా ఆట ఉందని తెలిసిన రోజు నేను పొంగిపోయాను. ఎంత న్యాయమైన ఇల్లో అనుకున్నాను.

పందెం వేసేవి నాలుగు చింతపిక్కల బద్దలు. సానరాయి మీద అరగదీస్తే ఒక వైపు తెల్లగా, ఒక వైపు నల్లగా ఉంటాయి. ఎన్ని తెల్లగా పడితే అన్ని గడులు. నాలుగూ తెలుపైతే చెమ్మా, నాలుగు. నాలుగూ నలుపైతే అష్టా, ఎనిమిది. ఆ రెంటికీ ఇంకో పందెం దొరుకుతుంది. ఒక్కొక్కరికి నాలుగు కాయలు. బయటి వరస చుట్టి, లోపలి వరసలోకి దిగి, నడుమ గడిలోకి చేరితే కాయ పండినట్టు. గుర్తు వేసిన గడిలో ఉన్న కాయ జోలికి ఎవరూ రాకూడదు. బయట దొరికితే కొట్టొచ్చు. దెబ్బ తిన్న కాయ మళ్ళీ మొదటికి వెళ్ళాలి. ఇక అసలు రూలు: ఆ ఆటలో ఎదుటివాళ్ళ కాయ ఒక్కటన్నా కొట్టనివాళ్ళకు లోపలి వరసలోకి దారి లేదు. గానుగెద్దులా బయటే తిరగాలి.

దీనికి మా ఇంటివాళ్ళు కలిపిన రూలు ఇంకొకటుంది. ఆటలో సంధి మాట్లాడుకోవచ్చు. మాట ఇచ్చాక ఆ ఆట అయ్యేదాకా తప్పకూడదు. బియ్యం కొలిచి పోశాక సంచి వెనక్కి లాగితే ఊళ్ళో ఎంత పరువు పోతుందో ఇక్కడా అంతే.

మొదటి ఆటలో మామయ్య పిక్కలు అందుకుంటూనే నా వైపు తిరిగాడు.

"బిడ్డా, నీ రెండు కాయల జోలికి నేను రాను. నా జోలికి నువ్వు రాకు. ఏమంటవ్?"

"రెండేంది మామయ్యా? నాలుగిటికీ మాటియ్యండి."

"అబ్బో! మూడు."

"నాలుగు. లేకపోతే ఇప్పుడే మొదలుపెడతా కొట్టుడు."

ఆయన నుదురు కొట్టుకుని నాలుగిటికీ ఒప్పుకున్నాడు. మా ఆయనతోనూ అలాగే గీచి గీచి నాలుగు సాధించాను. అత్తమ్మ అడగకుండానే, "నిన్ను నేనెందుకు కొడతనే, వండిపెట్టేదానివి," అంది. వచ్చిన మొదటి ఆటలోనే ముగ్గురి దగ్గరా పూర్తి సంధి! నా కాయలు ఎండలోనూ నీడలోనూ నిర్భయంగా తిరిగాయి. తిరుగుతూనే ఉన్నాయి. ఎవరినీ కొట్టనని అందరికీ మాటిచ్చినదాన్ని, లోపలికి ఎలా దిగుతాను? ఇది నాకు మూడో చుట్టులో వెలిగింది. నా తాళం నేనే బేరమాడి, గట్టిది ఏరి కొనుక్కున్నాను.

ఆ ఏడాది రెండుసార్లూ మా ఆయనే పికప్ ఎక్కాడు. నాకు గాజుల పెట్టె తెచ్చాడు. దాని ధర అడిగి, విని, ఆ రాత్రి అన్నం సహించక పడుకున్నాను.

మరి తండ్రీ కొడుకులు ఎలా లోపలికి పోతున్నారన్నది నాకు అంతుబట్టేది కాదు. వాళ్ళ ఆటను, బరువు తూచే చేతిని చూసినట్టు, చూడడం మొదలుపెట్టాను. మామయ్యకు రెండు పడేది. రెండు నడిపితే కాయ గుర్తు గడిలో భద్రంగా ఉంటుంది. ఆయన ఆ కాయ వదిలి ఇంకోటి నడిపేవాడు. కొడుకు వెంటనే ఆ వదిలిన కాయను కొట్టేవాడు. "అయ్యో, చూసుకోలేదురా!" అనేవాడు మామయ్య. కాసేపటికి కొడుకు కూడా అలాగే చూసుకోకుండా ఒక కాయను బయట ఉంచేవాడు. చెల్లుకు చెల్లు. ఆ తర్వాతే ఇద్దరూ సంధి అనేవాళ్ళు. ప్రతి ఆటలో అదే మరుపు, అదే వరస. ముఖాల మీద నవ్వు కూడా లేదు. పది తరాల వ్యాపారం ఆ ముఖాల్లో ఉంది.

మరుసటి ఎండాకాలం అత్తమ్మా నేనూ చింతపండులో పిక్కలు తీస్తూ కూర్చున్నప్పుడు కదిపాను.

"అత్తమ్మా, మీరెప్పుడన్నా లోపలికి పోయిన్రా?"

"యాడి లోపలికే?"

"గడుల లోపలికి."

"నాకెందుకు లోపల? బయట గాలొస్తది."

"మామయ్య కాయ ఒక్కసారన్నా కొట్టబుద్ధి కాలే?"

"కొడితే ఆ పూట కూరల ఉప్పెక్కువైందంటడు. ఆ రుచి జూసిన పిల్లా నేను."

నేను దగ్గరికి జరిగాను. "నా కాయ ఒకటి మీరు కొట్టండి. మీ కాయ ఒకటి నేను కొడత. ఇద్దరం లోపలికి పోదాం. వాళ్ళు జేసేది గదే."

ఆమె చేతిలో చింతపండు అలాగే ఆగింది. "గదేనా వాళ్ళు జేసేది?" అంది. ఇన్నేళ్ళూ చూడలేదా, చూసీ అనలేదా నాకిప్పటికీ తెలియదు. "సరే. కానీ గెలిస్తే నేనేం జేసుకోను? మోకాళ్ళు పట్టుకుపోయినయ్."

ఆ మోకాళ్ళను నమ్ముకునే బేరం కుదుర్చుకున్నాను. ఆమె గెలిచినా వెళ్ళేది నేనే కదా అని లోపల లెక్క. పైకి ఆ మాట అనలేదు. అడిగితే ఆశ అనుకుంటుందని మొహమాటం. వానలకు ముందు ఆట అది. ఇది పోతే వాగులు పొంగి, సరుకు బళ్ళు ఆగి, దసరా దాకా మళ్ళీ అదే వంటిల్లు, అదే గల్లా.

ఆట రోజున మామయ్య సంధి అనగానే ఇద్దరం వద్దన్నాం.

"ఏందమ్మా, అత్తా కోడళ్ళు దుకాణం మూసిన్రా?"

"మీ కొడుకూ మీరూ ఆడుకోండి," అంది అత్తమ్మ.

ఆమె ఒక కాయను నా ముందు బయట నిలిపింది. కొట్టాను. నేనూ ఒకటి వదిలాను, కొట్టింది. అంతా అనుకున్నట్టే. ఇక ఆమె చేయి చూడాలి! ఇన్నేళ్ళూ బయటే తిప్పిన చేయి, చెమ్మా వెనక అష్టా, అష్టా వెనక చెమ్మా. కాయ తర్వాత కాయ పండించి, నావి ఇంకా రెండు దారిలో ఉండగానే ఆట ముగించింది.

మామయ్య పిక్కలు ఏరుతూ ఆమె వైపు తిరిగాడు. "అయితే కోడల్ని పంపుతవా?"

"కోడలెందుకు? పండినయి నా కాయలు."

"అత్తమ్మా, మోకాళ్ళు..." అన్నాను.

"బండ్ల కూసునేటందుకు మోకాళ్ళెందుకే?"

పట్టుచీర కట్టుకుని డ్రైవరు పక్కన కూర్చుని వెళ్ళింది. మామయ్యకు అల్లం టీ ఎన్నిసార్లు కావాలో ఆ రెండు రోజుల్లో నాకు తెలిసింది.

వానలు పట్టాయి. ఎర్రబోరు ఊరు దాటాక కొంటా రోడ్డు మీద నీళ్ళని బస్సులు ఆగేవి, కరెంటు పోయేది. గోదాములో చింతపండు చెమ్మగిల్లి ఇల్లంతా పుల్లటి వాసన. గిరాకీ లేక మధ్యాహ్నాలు ఉత్తుత్తి ఆటలు ఆడేవాళ్ళం. అత్తమ్మ పిక్కలు వేస్తూ జగదల్‌పూర్ సంగతులు చెప్పేది: సిగ్నల్ దగ్గర బళ్ళన్నీ ఎలా ఆగాయో, నూనె వ్యాపారి తనకు కుర్చీ ఎలా తుడిచి వేశాడో. నేను వింటూ తలుపు సందులోంచి వానను చూసేదాన్ని. అది తగ్గేది కాదు, ఆమె చెప్పడం ఆపేది కాదు. ఒక్కోసారి గుమ్మం దాటి రోడ్డు మధ్యలో నిలబడి తడవాలనిపించేది. సబ్బుల పెట్టెలు సర్దుకునేదాన్ని.

అలాంటి ఒక ఉత్తుత్తి ఆటలో నేను నష్టపోయిన చోటు నాకు కనబడింది. ఎవరూ నన్ను మోసం చేయలేదు, నేనే తూకం చూసుకోలేదు. ఆమె నాకు కొట్టడానికి ఇచ్చింది అప్పుడే బయల్దేరిన కాయ. నా దగ్గర కొట్టింది చుట్టు దాదాపు పూర్తి చేసిన కాయ. కాయకు కాయే, నిజమే. కొత్త బస్తాకు చిరిగిన బస్తా ఇచ్చినా బస్తాకు బస్తాయే. చర్ల బజారులో ఎవరైనా ఇలా ఇస్తే మా నాన్న ముఖాన పారేసి వచ్చేవాడు. నేను "సంతోషం అత్తమ్మా" అన్నాను కూడా.

దసరా ముందు ఆటకు అత్తమ్మే వచ్చి అడిగింది. "మొన్నటి లెక్కేనా?"

"లెక్క అదే. కాయ మాత్రం చుట్టు తిరిగొచ్చిన మీ ముసలిదాన్ని ఇయ్యాలె."

"ఓయమ్మో! ముసలిదాన్నెందుకిస్త? పిల్లకాయను తీస్కో."

"మరి నాది కూడా పిల్లకాయే."

ఒప్పుకోలేదు. ఆమె ముదిరిన కాయలు గుర్తు గడుల్లోనే కూర్చున్నాయి, నావీ కూర్చున్నాయి. ఒకరిని ఒకరం చూసుకుంటూ ఇద్దరం బయటే ఇరుక్కున్నాం. మగవాళ్ళు తమ మరుపుల కార్యక్రమం ముగించుకుని లోపలికి దిగిపోతున్నారు. అప్పుడు మా ఆయన, ధీమాగా, "నీతో సంధి జేస్కోనా?" అన్నాడు.

"చేస్కో. కానీ ఆటంతా కాదు. నీ వెనక కాయ ఆ మూల తిరిగేదాకా."

"మూలేంది?"

"మూలే. ఇష్టముంటే తీస్కో, లేకపోతే లేదు."

నవ్వి సరేనన్నాడు. అతని లెక్కలో నేను ఎలాగూ ఓడేదాన్నే కదా. కాసేపటికి అతని కాయ మూల తిరిగింది. గడువు సంగతి అతనికి గుర్తు లేదు, కాయను బయటే నిలిపాడు. నాకు మూడు కావాలి. పిక్కలు విసిరితే మూడే పడింది. కొట్టాను.

"ఒసేయ్! సంధి గదా!"

"మూల తిరిగేదాకా అన్న. తిరిగింది."

అతను తండ్రి వైపు చూశాడు. మామయ్య ఆ మూల దాకా గడులను వేలితో లెక్కపెట్టాడు. "అన్నది. నేనిన్న," అన్నాడు చివరికి. అత్తమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నవ్వుతూనే, మొగుడితో సంధి లేదు గనక, పిక్కలు విసిరి మామయ్య కాయను కొట్టింది. "ఉప్పెక్కువైతే ఎక్కువైంది," అంది.

అక్కడి నుంచి ఆట నాకూ ఆమెకూ మధ్య పడింది. నా మూడు కాయలు పండాయి. నాలుగోది నడుమ గడికి ఒక్క అడుగు దూరంలో ఆగింది. ఒకటి పడితేనే పండుతుంది. నాకు రెండు పడింది, మూడు పడింది, చెమ్మా పడి దాని మీద మళ్ళీ రెండు పడింది. ఒకటి ఇంత కరువు అంకె అని అంతకుముందు నాకు తెలియదు. ఆమె చివరి కాయ నా వెనక రెండు గడుల దూరంలోకి వచ్చి నిలిచింది. రెండు పడితే నన్ను కొట్టి మొదటికి పంపుతుంది. పంపితే సంక్రాంతి దాటి ఎండలు ముదిరేదాకా ఇదే గోదాము. ఆమె పిక్కలను అరచేతుల్లో ఎంతసేపు ఆడించిందో. విసిరింది. ఒకటి.

"నీది నాకు పడిందేందే!" అంది.

నేను కళ్ళు మూసుకుని విసిరాను. తెరిచేసరికి మూడు నలుపులు, ఒక తెలుపు.

తెల్లారి పికప్ వచ్చింది. మామయ్య సంచీ, డబ్బు నా చేతికిచ్చి, ఫోన్లో వ్యాపారి చెప్పిన ధర నాకు చెప్పబోయి, "నీకు చెప్పేదేముందిలే," అని ఆగిపోయాడు. ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. తలుపు వేయబోతుంటే అవతల నుంచి ఎవరో పట్టుకున్నారు. అత్తమ్మ, పట్టుచీర.

"జరుగు."

"ఇది నా సీటు అత్తమ్మా."

"కాదన్ననా? సగం ఎంతకిస్తవ్?"

"మామయ్యకు టీ ఎవరు పెడతరు?"

"చేతులున్నయ్ గద."

డ్రైవరు హారన్ కొట్టాడు. నేను జరగలేదు. "వచ్చే ఆటల మీ ముసలికాయ. ముందు కొట్టేది నేను," అన్నాను.

"ముసలిదియ్య. నడిమిది ఇస్త."

"అయితే బస్సులో రాండి."

ఆమె చేయి తీసి, చీర కుచ్చిళ్ళు సర్దుకుని, వెనక్కి తిరిగి దుకాణం వైపు నడిచింది. ఒక అడుగు, ఇంకో అడుగు. మెట్టు ఎక్కేదాకా ఆగుదామనుకున్నాను. ఆగలేకపోయాను.

"సరే, నడిమిదే!" అని కేకేశాను.