ఒక్క ఇంటిపేరు మిల్లు

"అన్న పోయిండురా. మిల్లు ఆగింది."

నిజామాబాద్‌లో నేను పనిచేసే ప్రెస్సుకు ఫోన్ చేసి మా బాపు చెప్పిన మాటలు ఇవే. తర్వాత ఏడ్చాడు. అన్న పోయినందుకా, మిల్లు ఆగినందుకా, నాకు తెలియలేదు. నాకు మాత్రం కన్నీళ్లు రాలేదు. పోయినవాళ్ల గురించి మంచే రాయాలంటారు. బాపుకు అన్న అయిన మా పెద్దబాపు గురించి నేను నిజం రాస్తాను. అందులో మంచి ఎంత ఉంటే అంత మీకే కనబడుతుంది.

బోధన్ నుంచి వర్ని పోయే రోడ్డు మీద ఆయనది బియ్యం మిల్లు. చుట్టుపక్కల దానంత బాగా నడిచే మిల్లు లేదు. పనిచేసేవాళ్లందరిదీ ఒకే ఇంటిపేరు. మా బాపు కాంటా దగ్గర, చిన్నాయనలు బస్తాల దగ్గర, వాళ్ల కొడుకులూ నేనూ యంత్రం దగ్గర. ఆడవాళ్లు నూకలు చెరిగేవాళ్లు. "బయటోడు పని జేస్తడు, పోతడు. ఇంటోడు యాడికి పోతడు?" అనేవాడు పెద్దబాపు. ఊరు దాన్ని ఐకమత్యమని మెచ్చుకుంది. నేను చదివిన కార్మిక సంఘం కరపత్రాల్లో దానికి వేరే పేరుంది.

ఆయన ఎవర్నీ తిట్టేవాడు కాదు. నాకు మండేది అందుకే. "తమ్మీ" అని, "బిడ్డా" అని పిలిచి పొద్దున్నుంచి పొద్దుగూకేదాకా నిలబెట్టేవాడు. సేటునైతే ఎదిరించొచ్చు. ప్రేమగా పిలిచేవాణ్ని ఏమని ఎదిరిస్తాం? మా చిన్నాయన కొడుకు, పెళ్లాం కాన్పుకని ఒక్క రోజు సెలవడిగితే ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు.

"ఇంటి పనికి సెలవేందిరా? రేపు బువ్వ తినుడుకు గూడ సెలవడుగుతవా?"

అందరూ నవ్వారు. అడిగినవాడు కూడా నవ్వి బస్తా ఎత్తుకున్నాడు. ఆ నవ్వును నేను ఇప్పటికీ క్షమించలేదు.

మిల్లులో బయటివాడు ఒక్కడే ఉండేవాడు, ఫిట్టర్. ఆ పని మాలో ఎవరికీ రాదు. అతన్ని నిజామాబాద్‌లో ఇంకో మిల్లువాళ్లు పిలుస్తున్నారని తెలియగానే, మా అక్కను అతనికిచ్చి చేసి ఇల్లరికం ఉంచుకోవాలని పెద్దబాపు తేల్చేశాడు. మా బాపు తలూపాడు. నేను ఆయన మీదికి ఉరికాను.

"మనుషులంటె మిషను పార్టులనుకున్నవా పెద్దబాపూ? ఏది ఊడితె దాని జాగల ఇంకొకటి బిగిస్తవా?"

ఆయన వడ్లగింజ కొరికి తడి ఎంతుందో చూస్తున్నాడు. పొట్టు ఊసి అన్నాడు: "మిషను పార్టే నయం బిడ్డా, గింత లొల్లి జెయ్యది. కాగితాలు మస్తు సదివినవ్ గని, బెల్టు ఎక్కించుడు రాదు నీకు."

ఇంటికొచ్చి, నీ కోసం కొట్లాడొచ్చానని అక్కతో గొప్పగా చెప్పాను. ఆమె చాట దించింది.

"నన్నడిగి పోయినవా?"

చాటలోంచి ఒక రాయి ఏరి పారేసి తనే అంది.

"పెద్దబాపు అడగలే. బాపు అడగలే. నువ్వూ అడగలే. ఆ ఫిట్టరొక్కడే వచ్చి, నీకిష్టమేనా అని అడిగిండు. ఇష్టమే అన్న. గని ఈ మిల్లుల ఉండుడు మా ఇద్దరికీ ఇష్టం లేదు."

పెళ్లయిన వారానికి ఇద్దరూ నిజామాబాద్ బస్సెక్కారు. ఆ ఏడే నేనూ మిల్లు వదిలాను. ఫిట్టర్ పని, అరకొరగా నేర్చుకున్న చిన్నాయన కొడుకు మీద పడింది. పెద్దబాపు మళ్లీ అక్క పేరెత్తలేదు. అక్క కాన్పు సమయానికి మా అవ్వ, మమ్మల్ని కన్నతల్లి, సంచి సర్దుకుంటే, "వడ్లొచ్చే యాల్లకు యాడికి పోతవ్ బిడ్డా?" అన్నాడు, ఎప్పటిలా మెత్తగా. అవ్వ సంచి దించేసింది. పక్కింటావిడ చేతుల మీద అక్క కన్నది. ఆయన్ని పాడె మీద చూసినప్పుడు కూడా నాకు గుర్తొచ్చింది ఇదే.

ఒకటి మాత్రం ఒప్పుకోవాలి. వానకు తడిసిన వడ్లతో వచ్చిన బండిని ఆయన ఎన్నడూ వెనక్కి తిప్పలేదు. వేరే మిల్లులు వద్దన్న వడ్లు తన వాకిట్లో ఆరబోయించి పట్టించేవాడు. ఆరబోసేది మేమే అనుకోండి.

ఆయన పోయింది కూడా సరిగ్గా కోతల్లోనే. ఒకే ఇంటిపేరు కనుక అందరికీ మైల. పదకొండో రోజు పెద్దదినం దాకా ఎవరూ యంత్రం ముట్టకూడదు. ముట్టినా మైల చేతులతో పట్టిన బియ్యం ఎవరూ ఇంటికి తీసుకుపోరు. స్విచ్చు వేయడానికి ఒక్క బయటివాడైనా మిగల్లేదు. బయటివాణ్ని నమ్మని మనిషి తన చావుతో తన మిల్లును తానే ఆపుకున్నాడు.

రెండు రోజులు ముసురు పట్టి తెరిపిచ్చింది. మూడో రోజు అక్కా బావా వచ్చేసరికి వాకిట్లో బండ్లు బారులు కట్టి ఉన్నాయి. మోస్రా ఊరి రైతు ఒకాయన గుప్పెడు వడ్లు తెచ్చి బావ ముందు చెయ్యి చాపాడు.

"మొలకలొస్తున్నయ్ అల్లుడా. నీకైతె మైల లేదు గద?"

బావ అక్క వైపు చూశాడు. నేనే అడ్డం పడ్డాను. "వద్దు బావా! ఆగనియ్యి. ఆయన మిల్లుకు నువ్వెందుకు జెయ్యాలె?"

"మిల్లు ఆయనది. వడ్లు ఈయనయి," అంది అక్క. "నీ కాగితాలల్ల రైతులు లేరారా?"

తర్వాత బాపు వైపు తిరిగింది. "మా ఆయన ఈ వడ్లు పడతడు బాపూ. గని పెద్దదినం కాంగనె అవ్వ మా ఎంబడి వస్తది. సీజనున్నా వస్తది. ఎన్నొద్దులు ఉంటదో అవ్వ ఇష్టం."

చిన్నాయనలు ఒకరి మొఖం ఒకరు చూసుకున్నారు. అడగడానికి అన్న లేడు. బాపు "పో," అన్నాడు, అక్కతో కాదు, అవ్వతో. అవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రైతులే వడ్లు ఆరబోసి ఇచ్చాక, బావ ఒక్కడే లోపలికి పోయాడు. బెల్టు కదిలింది. రైతులే బస్తాలు మోశారు, రైతులే తువాళ్లు మూతికి కట్టుకుని ఊక ఎత్తిపోశారు. మేమంతా ఎదురుగా గోడ వార, చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాం. గొట్టం లోంచి వచ్చే ఊక దుమ్ము గాలికి తేలివచ్చి మా తలల మీద, గడ్డాల మీద, భుజాల మీద పడుతోంది. కొంతసేపటికి ఎవరు చిన్నాయనో ఎవరు కొడుకో తెలియకుండా అందరం ఒకే రంగైపోయాం. ఎవరూ దులుపుకోలేదు.